పాతకాలపు మేటి లేజర్‌డిస్క్ ప్లేయర్లు: ఏది కొనాలి, ఎలా పరీక్షించాలి, ఎలా చూడాలి

లేజర్‌డిస్క్ అంటే పెద్ద సైజు డీవీడీ అనుకునేవాళ్లు చాలామంది. మెరిసే పళ్లెం, దాన్ని చదివే లేజర్, ఈ రెండింటితోనే పోలిక ఆగిపోతుంది. డీవీడీలో బొమ్మ అంకెల రూపంలో ఉంటుంది, ఏ ప్లేయర్‌లో వేసినా అవే అంకెలు బయటికొస్తాయి. లేజర్‌డిస్క్‌లో బొమ్మ పూర్తిగా అనలాగ్. డిస్క్ మీది గుంటల పొడవు, వాటి మధ్య ఎడం కలిసి ఎఫ్‌ఎం సిగ్నల్‌ను మోస్తాయి. ఆ సిగ్నల్‌ను పట్టుకుని, విప్పి, వేగంలో వచ్చే చిన్నచిన్న తేడాలను సరిచేసి, బొమ్మగా నిలబెట్టే పనంతా ప్లేయర్‌దే. అందుకే ఒకే డిస్క్ ఒక యంత్రంలో వెలవెలబోతే, ఇంకో యంత్రంలో కళకళలాడుతుంది. మంచి ప్లేయర్లను వెతికి పట్టి దాచుకునేవాళ్లు ప్రపంచమంతా ఇప్పటికీ ఉండటానికి కారణం ఇదే. ఈ మార్గదర్శి కొత్తగా ఆ దారి పట్టేవారి కోసం.

ముందు డిస్క్‌ను అర్థం చేసుకోండి

ఈ డిస్క్ 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, అంటే గ్రామఫోన్ ఎల్‌పీ అంత. అల్యూమినియం పూత ఉన్న రెండు యాక్రిలిక్ పళ్లేలను వీపుకు వీపు అంటించి తయారుచేస్తారు. ఆ జిగురు సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

డిస్కులు ప్రధానంగా రెండు రకాలు. సీఏవీ డిస్క్ మొదటి నుంచి చివరి దాకా నిమిషానికి 1800 చుట్లు తిరుగుతుంది, చుట్టుకు సరిగ్గా ఒక ఫ్రేము. ఒక వైపు 54,000 ఫ్రేములు, అంటే 30 నిమిషాలు. ఏ ఫ్రేమునైనా నంబరు కొట్టి ఆపి చూడొచ్చు. బొమ్మ రాయిలా నిలబడుతుంది, ఎంతసేపు ఆపినా డిస్క్ అరగదు. సీఎల్‌వీ డిస్క్ లోపలి అంచున 1800 చుట్లతో మొదలై, బయటి అంచుకు చేరేసరికి 600కు తగ్గుతుంది. ఒక వైపు గంట పడుతుంది గానీ ఫ్రేమును ఆపి చూడాలంటే డిజిటల్ మెమరీ ఉన్న ప్లేయరే కావాలి. ఈ లెక్కలు అమెరికా, జపాన్‌లు వాడిన ఎన్‌టీఎస్‌సీ అనే టీవీ పద్ధతివి. యూరప్ పీఏఎల్ డిస్కులు 1500 చుట్లతో తిరుగుతాయి. డీవీడీలకున్న రీజియన్ కోడ్ గొడవ వీటికి లేదు. ఎన్‌టీఎస్‌సీయా, పీఏఎలా అన్నది చూసుకుంటే చాలు.

అమెరికాలో అమ్మకాలు 1978 డిసెంబరులో అట్లాంటాలో మొదలయ్యాయి. డిస్కులు ఎంసీఏవి, ప్లేయర్ ఫిలిప్స్ చేతిలోని మాగ్నవాక్స్‌ది. తర్వాత ఈ మాధ్యమాన్ని భుజాన మోసింది జపాన్ పయనీర్. 2009 జనవరిలో డీవీఎల్-919తో సహా తన చివరి మోడళ్ల తయారీ ఆపేస్తున్నట్టు అదే ప్రకటించింది. మన దగ్గర ఇళ్లలో వీడియో క్యాసెట్, దాని వెంటే వీసీడీ రాజ్యమేలాయి గనక లేజర్‌డిస్క్‌ను కళ్లారా చూసినవాళ్లు తక్కువ. కాబట్టి మీ వేట జపాన్ మీదో, అమెరికా మీదో ఆధారపడక తప్పదు.

ఏ తరం యంత్రం కావాలో తేల్చుకోండి

మొదటి తరం ప్లేయర్లు, అంటే మాగ్నవాక్స్ వీహెచ్-8000, పయనీర్ వీపీ-1000 లాంటివి, హీలియం-నియాన్ గ్యాస్ లేజర్‌తో పనిచేస్తాయి. మూత పైకెత్తి డిస్క్ పెట్టాలి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ ఏళ్లు గడిచేకొద్దీ ట్యూబులోంచి హీలియం జారిపోతుంది, లోపల హై వోల్టేజీ ఉంటుంది. అల్మారాలో అలంకారంగా పెట్టుకోవడానికైతే సరే. సినిమాలు చూడటానికి మాత్రం నేను వీటిని సిఫారసు చేయను.

1984లో వచ్చిన పయనీర్ ఎల్‌డీ-700తో కథ మారింది. గ్యాస్ ట్యూబు పోయి చిన్న లేజర్ డయోడ్ వచ్చింది, డిస్క్ ముందు నుంచి ట్రేలో వెళ్లడం మొదలైంది. ఆ తర్వాత పదిహేనేళ్లలో వచ్చినవే సేకరణకు అసలైన సరుకు.

ఎల్‌డీ-ఎస్1, ఎల్‌డీ-ఎస్2 పయనీర్ తన ఇంజినీర్లకు పగ్గాలు వదిలేసి చేయించిన యంత్రాల్లా ఉంటాయి. రాగి పూత ఉన్న చట్రం, కాళ్ల కింద బరువైన దిమ్మలు, ఎక్కడా రాజీ కనపడదు. అమెరికాలో ఎలీట్ వరుస కింద అమ్మిన సీఎల్‌డీ-97, సీఎల్‌డీ-99లకు అద్దంలా మెరిసే నల్లటి ముఖం, పక్కన రోజ్‌వుడ్ పలకలు ఉంటాయి. 97 బొమ్మలో సహజత్వం ఎక్కువ. 99 తర్వాతిది కాబట్టి డాల్బీ ఏసీ-3 అనే బహు చానళ్ల డిజిటల్ శబ్దం కూడా ఇస్తుంది. పీఏఎల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ కావాలంటే యూరప్‌లో అమ్మిన సీఎల్‌డీ-డీ925 చూడండి. చివరి కాలపు డీవీఎల్ వరుస డీవీడీలు కూడా ఆడిస్తుంది. రోజూ వాడుకోవడానికి సుఖమే అయినా, లేజర్‌డిస్క్ బొమ్మ దగ్గరికొస్తే పై వరుస యంత్రాలకు సాటిరాదు.

అన్నిటికంటే పైన హెచ్‌ఎల్‌డీ-ఎక్స్‌0 ఉంటుంది. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే డిజిటల్ రాకముందే 1125 గీతల హైవిజన్ ప్రసారాలు నడిపింది. ఆ సిగ్నల్‌ను కుదించే పద్ధతి పేరు మ్యూజ్. ఆ పద్ధతిలో ముద్రించిన హైవిజన్ డిస్కుల కోసం ఎక్స్‌0, దాని తమ్ముడు ఎక్స్‌9 పుట్టాయి. మామూలు ప్లేయర్ల లేజర్ 780 నానోమీటర్ల పరారుణ కాంతి అయితే, వీటిది 670 నానోమీటర్ల ఎరుపు. చుక్క సన్నగా పడుతుంది గనక పక్క ట్రాక్ సందడి తక్కువగా అంటుకుంటుంది. మామూలు డిస్కులు కూడా వీటిలో శుభ్రంగా కనిపిస్తాయి. ఎక్స్‌0 బరువు 35 కిలోలకు పైనే, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. హైవిజన్ డిస్కులు చూడాలంటే విడిగా మ్యూజ్ డీకోడర్ కూడా కావాలి. అరుదైన ఆ ఎరుపు లేజర్ పికప్, అంటే డిస్క్‌ను చదివే భాగం, పాడైతే ఇంకోటి దొరకడం గగనం. మొదటి కొనుగోలుకే దీని జోలికి పోకండి.

ఇంకో దారి కూడా ఉంది. 1993 నాటి లేజర్‌యాక్టివ్ సీఎల్‌డీ-ఏ100కు సెగా, ఎన్‌ఈసీ మాడ్యూళ్లు తగిలిస్తే ఆటలు ఆడొచ్చు. దానిలో, దాని మాడ్యూళ్లలో కెపాసిటర్లు కారిపోవడం పేరుమోసిన జబ్బు. కెపాసిటర్లు మార్చినట్టు రుజువు లేకుండా కొనకండి.

ఎక్కడ వెతకాలి

జపాన్‌లో రెండు చోట్ల సరుకు దండిగా దొరుకుతుంది. ఒకటి యాహూ జపాన్ వేలంపాట, రెండోది హార్డ్ ఆఫ్ అనే సెకండ్‌హ్యాండ్ దుకాణాల గొలుసు. విదేశాల నుంచి వేలంలో పాడాలంటే బాయీ లాంటి మధ్యవర్తి సేవ కావాలి. 'జంక్' అని రాసిన సరుకు పరీక్షించనిది, వాపసు తీసుకోరు. అయినా జంక్‌ను కొట్టిపారేయకండి. ట్రే తెరుచుకోలేదన్న ఒక్క కారణంతో జంక్ కింద పడేసిన యంత్రాలు బోలెడు, వాటిలో చాలావాటికి రబ్బరు బెల్టు మారిస్తే చాలు. దీనికి విరుద్ధంగా 'డిస్క్ తిరుగుతుంది గానీ బొమ్మ రాదు' అని రాస్తే పికప్ పోయి ఉండొచ్చు, అది ఖరీదైన జబ్బు.

అమ్మకందారు ఫొటోల్లో నేను ముందుగా వెతికేది రిమోట్‌ను. ఖరీదైన మోడళ్లలో చాలా సెట్టింగులకు యంత్రం మీద బటన్లుండవు, రిమోట్ పోతే అవి మూతపడ్డట్టే. తర్వాత బొమ్మ ఆడుతుండగా తీసిన ఫొటో, దానిలో డిస్క్ చివరి నిమిషాల టైమ్ కోడ్ కనపడితే ఇంకా మంచిది. అది లేకపోతే మర్యాదగా అడగండి, చాలామంది తీసి పంపుతారు.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ పని తేలిక. అక్కడి ఎస్టేట్ సేల్స్‌లో, ఊళ్లోని ప్రకటనల్లో ప్లేయర్, డిస్కులు కలిపి గుత్తగా అమ్ముతుంటారు. కారు వేసుకెళ్లి ఆడించి చూసి తెచ్చుకోవచ్చు. ఓడ ప్రయాణం తప్పడం ఈ యంత్రాలకు పెద్ద వరం.

కొనేముందు పరీక్ష

యంత్రం ఎదురుగా ఉంటే ఈ వరుసలో చూడండి. పవర్ వేసి ట్రే తెరవండి. కదలిక ఒకే తీరున, తడబాటు లేకుండా ఉండాలి. డిస్క్ పెట్టాక మోటారు వేగం అందుకునే చప్పుడు సన్నగా మొదలై స్థిరపడాలి. గరగరమంటే బేరింగ్ ఎండింది. బొమ్మ వచ్చాక మొదటి నిమిషం, నడిమి నిమిషం, చివరి నిమిషం మూడూ చూడండి. లేజర్‌డిస్క్ లోపలి నుంచి బయటికి చదవబడుతుంది. బయటి అంచు దగ్గర బరువైన డిస్క్ కాస్త వాలుతుంది, ఆ వాలుకు తగ్గట్టు పికప్‌ను వంచే టిల్ట్ మోటారు అక్కడే పరీక్షకు నిలబడాలి. టిల్ట్ చెడితే సీఎల్‌వీ డిస్కుల్లో ఏటవాలు చారలు బొమ్మ మీదుగా పాకుతూ కనిపిస్తాయి. పక్క ట్రాక్ సిగ్నల్ కలవడం వల్ల వచ్చే ఈ చారలను క్రాస్‌టాక్ అంటారు.

తర్వాత రెండో వైపు. రెండు వైపులా తనే ఆడించే ప్లేయర్‌లో డిస్క్ తిరగబడదు. పికప్ బండే పట్టాల మీద వెనక్కి వెళ్లి, చుట్టూ తిరిగి డిస్క్ పైకి చేరుతుంది. మూత తీసి ఉన్న యంత్రంలో ఆ ప్రయాణం చూడటం నాకెప్పటికీ విసుగు పుట్టని దృశ్యం. అయితే ఆ లేజర్ కంటికి కనపడని కాంతి, దానికి ఎదురుగా కన్ను పెట్టకూడదు. ఒక వైపు బాగా ఆడి రెండో వైపు మొరాయిస్తే లోపం ఆ పట్టాల్లోనో, గేర్లలోనో ఉంటుంది.

ఒక కిటుకు గుర్తుంచుకోండి. ఏ డిస్క్ వేసినా ఒకే నిమిషం దగ్గర బొమ్మ తడబడితే జబ్బు ప్లేయర్‌ది. పట్టాల మీద గ్రీజు గట్టిపడి పికప్ బండి అక్కడ ఇరుక్కుంటోంది. ఒక్క డిస్క్‌లోనే తడబడితే జబ్బు ఆ డిస్క్‌దే. పరీక్షకు వెళ్లేటప్పుడు కనీసం ఒక సీఏవీ, ఒక సీఎల్‌వీ డిస్క్ వెంట తీసుకెళ్లండి, రెండూ మీకు బాగా తెలిసినవై ఉండాలి.

రవాణా, కరెంటు

లోపల డిస్క్ ఉండగా యంత్రాన్ని కదిలిస్తే పికప్ పని అయిపోయినట్టే. ట్రే ఖాళీ చేయించండి. కొన్ని మోడళ్లకు అడుగున రవాణా స్క్రూ ఉంటుంది, దాన్ని బిగించి పంపమనండి. ఇంటికొచ్చాక అది విప్పకుండా ఆన్ చేయకండి.

జపాన్ యంత్రం 100 వోల్టులది, అమెరికాది 120. మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెడితే ఒక్క క్షణంలో పవర్ సప్లయ్ కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. యంత్రం వెనక రాసిన వాట్లకు రెట్టింపు సామర్థ్యమున్నది తీసుకోండి. జపాన్ యంత్రానికి 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కాకుండా 100 వోల్టులదే చుట్టించుకుంటే మేలు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవాళ్లు చెప్పిన వోల్టేజీకి చేసిస్తారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, డిస్క్ నెమ్మదిగా తిరుగుతుందేమోనని కొందరు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. మోటారు వేగాన్ని లోపలి క్వార్ట్జ్ గడియారం నిర్ణయిస్తుంది, గోడలోని కరెంటు కాదు.

చేతిపనులు

ముప్పై ఏళ్ల యంత్రం వైద్యం లేకుండా నడవదు. ట్రే బెల్టు మార్చడం, పాత గ్రీజు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది సన్నగా రాయడం, లెన్స్‌ను మెత్తటి స్వాబ్‌తో అంటీ అంటనట్టు తుడవడం, ఈ మూడూ ఎవరైనా నేర్చుకోవచ్చు. లెన్స్ సన్నటి తీగల మీద వేలాడుతుంటుంది, బలం పెట్టకండి. బోర్డు మీద చిన్నచిన్న స్క్రూలు తిప్పి చూద్దామనే ఆశ మాత్రం అణుచుకోండి. ఫోకస్, ట్రాకింగ్, టిల్ట్ సర్దుబాట్లు ఆసిల్లోస్కోప్, సర్వీస్ మాన్యువల్ ఎదురుగా పెట్టుకుని చేయాల్సిన పని. పాత వీసీఆర్‌లు బాగుచేసిన అనుభవమున్న మెకానిక్ మీ ఊళ్లో ఉంటే ఆయన్ను వదులుకోకండి. మోటార్లను అదుపులో ఉంచే సర్వో సర్క్యూట్ల తీరు ఆయనకు కొత్త కాదు.

టీవీకి ఎలా కలపాలి

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. డిస్క్ మీద ఉన్నది కాంపోజిట్ సిగ్నల్, అంటే వెలుగు, రంగు ఒకే దారిలో కలిసి ఉంటాయి. వాటిని విడదీసేది కోంబ్ ఫిల్టర్. ఎస్-వీడియో తీగ వాడితే ఆ పని ప్లేయర్‌లోని ఫిల్టర్ చేస్తుంది. పసుపు రంగు కాంపోజిట్ తీగ వాడితే టీవీలోనిదో, స్కేలర్‌లోనిదో (బొమ్మను కొత్త టీవీలకు తగ్గట్టు మార్చే పెట్టె) చేస్తుంది. వీడియో క్యాసెట్ల అలవాటుతో ఎస్-వీడియోనే ఎప్పుడూ మేలనుకుంటాం. లేజర్‌డిస్క్‌కు ఆ సూత్రం వర్తించదు. ఏ ఫిల్టర్ మెరుగైతే ఆ దారి. 1980ల ప్లేయర్‌లోని ఫిల్టర్ కంటే తర్వాత వచ్చిన మంచి డీవీడీ రికార్డర్‌లోని 3డీ ఫిల్టర్ బాగా విడదీస్తుంది. అందుకే చాలామంది ప్లేయర్‌ను కాంపోజిట్‌తో డీవీడీ రికార్డర్‌కు, అక్కడి నుంచి టీవీకి కలుపుతారు.

తేడా పట్టడానికి రెండు చోట్ల చూడండి. ముదురు రంగుల అంచున చుక్కలు చీమల్లా పాకుతుంటే వెలుగులోకి రంగు చొరబడింది. సన్నగీతల చొక్కా మీద ఇంద్రధనుస్సు మెరిస్తే రంగులోకి వెలుగు చొరబడింది. రెండు తీగలతోనూ అదే సన్నివేశం వేసి పోల్చి చూడండి, మీ కళ్లే తీర్పు చెబుతాయి.

కొత్త టీవీలకు కాంపోజిట్ సాకెట్ ఉండటం తగ్గిపోయింది, ఉన్నా లోపలి సర్క్యూట్ నాసిరకం. రెట్రోటింక్-5ఎక్స్ లాంటి స్కేలర్ వాడొచ్చు. నా మనసు మాత్రం పాత పిక్చర్ ట్యూబు టీవీ మీదే. ఏవీ ఇన్‌పుట్‌లో ఎన్‌టీఎస్‌సీ తీసుకునే సోనీ ట్రినిట్రాన్ పాత సామాన్ల కొట్లో దొరికితే ఇంటికి తెచ్చుకోండి. ఈ డిస్కులు తయారుచేసినవాళ్లు అలాంటి తెర మీదే చూసి సరిచేశారు.

జపాన్ డిస్క్ నుంచి అమెరికా డిస్క్‌కు మారినప్పుడు నలుపు తేలిపోయినట్టు కనిపిస్తే కంగారు పడకండి. వీడియో వెలుగును ఐఆర్‌ఈలలో కొలుస్తారు, అమెరికా పద్ధతిలో నలుపు 7.5 దగ్గర, జపాన్‌లో సున్నా దగ్గర మొదలవుతుంది. బ్రైట్‌నెస్ కాస్త సర్దుకోండి.

శబ్దం

ఎన్‌టీఎస్‌సీ డిస్కుల్లో రెండు అనలాగ్ చానళ్లు, వాటితో పాటు సీడీ స్థాయి డిజిటల్ స్టీరియో ఉంటాయి. 1995 నుంచి కొన్ని డిస్కుల్లో కుడి అనలాగ్ చానల్ స్థానంలో ఏసీ-3 పెట్టారు. దాన్ని వినాలంటే ప్లేయర్‌కు ఏసీ-3 ఆర్‌ఎఫ్ సాకెట్, రిసీవర్ వైపు ఆ సిగ్నల్‌ను విప్పే డీమాడ్యులేటర్ రెండూ కావాలి. యమహా ఏపీడీ-1 అలాంటిది. డీటీఎస్ అనే ఇంకో బహు చానళ్ల పద్ధతి డిస్కులకు ఈ తిప్పలేవీ ఉండవు, ఆప్టికల్ తీగతో డీటీఎస్ తెలిసిన ఏ రిసీవర్‌కైనా కలపొచ్చు. ఇవన్నీ ఉన్నా మామూలు రెండు చానళ్ల పీసీఎం ట్రాక్‌ను తక్కువ చేయకండి. కుదించకుండా దాచిన ఆ శబ్దం, మంచి స్పీకర్ల మీద, నా చెవికి తర్వాతి డీవీడీల కంటే నిండుగా వినిపిస్తుంది.

చూడటం నేర్చుకోండి

మొదటి వారం నాయిస్ రిడక్షన్ పూర్తిగా ఆపేయండి. ఆ సెట్టింగు బొమ్మలోని గింజను (గ్రెయిన్) తగ్గిస్తుంది గానీ కదిలే ముఖాల వెనక మసక తోకలు వదులుతుంది. ఎర్రటి గోడ, ఎర్రటి బట్టలున్న సన్నివేశం వెతకండి. లేజర్‌డిస్క్ అసలు బలహీనత ఎరుపులోనే ఉంది, రంగులో సన్నటి రవ్వలు అక్కడే కదులుతాయి. మామూలు ప్లేయర్‌లో ఆ ఎరుపు మరుగుతున్నట్టుంటుంది, మేటి యంత్రంలో నిలకడగా ఉంటుంది. తర్వాత పొగమంచు, ఆకాశం లాంటి సన్నివేశాలు చూడండి. డిజిటల్ కుదింపు లేదు గనక మెట్లు మెట్లుగా, గళ్లు గళ్లుగా విరగకుండా వెలుగు సాఫీగా జారిపోతుంది. వీహెచ్‌ఎస్ సుమారు 240 గీతల వివరం చూపితే ఇది 425 దాకా చూపుతుంది. ఈ రోజు లెక్కలో అది తక్కువే. కదలికలో సహజంగా ఉండటం దీని సొత్తు.

డిస్కుల ఎంపికలో సీఏవీ ప్రత్యేక సంచికలకు పెద్దపీట వేయండి. వెడల్పు తెర సినిమాను కోత లేకుండా చూపడం, ఒక చానల్‌లో వ్యాఖ్యానం పెట్టడం, అదనపు విశేషాలు చేర్చడం వంటివాటికి ఇంట్లో చూసే సినిమాల్లో ఒరవడి పెట్టింది 1984లో మొదలైన క్రైటీరియన్ అనే అమెరికా సంస్థ లేజర్‌డిస్కులే. జపాన్ ముద్రణలు అట్ట మీద కాగితపు పట్టీతో, లోపల కరపత్రాలతో ముచ్చటగా వస్తాయి, ముద్రణ నాణ్యత కూడా బాగుంటుంది.

డిస్క్ రాట్, నిల్వ

ముందు చెప్పిన జిగురు సరిగా లేకపోతే గాలి, తేమ లోపలికి చేరి అల్యూమినియం పూత తినేస్తాయి. తెర మీద రంగురంగుల చుక్కలు చల్లినట్టు మొదలై, ఏళ్లకేళ్లు పెరిగి, చివరికి బొమ్మ మింగేస్తాయి. ఒకే టైటిల్‌ను వేర్వేరు ఫ్యాక్టరీల్లో ముద్రించారు, కొన్నిటికి ఈ జబ్బు ఎక్కువ. అమెరికాలో టెర్రె హోట్ ఫ్యాక్టరీ ముద్రణలకు ఈ విషయంలో చెడ్డపేరుంది. కంటితో చూసి అన్నిసార్లూ చెప్పలేం, ఆడించాల్సిందే. డిస్కులను నిలువుగా, వాలిపోకుండా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చితే వంగుతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉండేవారు అల్మారాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలం తర్వాత మార్చుకోవాలి. ప్లేయర్‌ను నెలకోసారైనా అరగంట నడపండి.

బ్రిటన్ జనజీవనాన్ని లేజర్‌డిస్కులకెక్కిస్తూ బీబీసీ 1986లో తెచ్చిన డోమ్స్‌డే ప్రాజెక్టు డిస్కులను కాపాడే ప్రయత్నంలోంచి డోమ్స్‌డే డూప్లికేటర్ అనే బోర్డు పుట్టింది. ఇది ప్లేయర్ బొమ్మగా మార్చకముందే, పికప్ నుంచి వచ్చే ముడి సిగ్నల్‌ను టెస్ట్ పాయింట్ దగ్గర పట్టుకుని కంప్యూటర్‌లో దాస్తుంది. ఎల్‌డీ-డీకోడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తర్వాత దాన్ని బొమ్మగా విప్పుతుంది. ఈ పనికి పయనీర్ ఎల్‌డీ-వీ4300డీ లాంటి పారిశ్రామిక మోడల్‌ను ఎక్కువగా వాడతారు. మీ దగ్గర అరుదైన డిస్క్ ఉంటే దాని ముడి సిగ్నల్ ఒకసారి దాచిపెట్టండి. ఒకే ముద్రణ కాపీలు రెండు మూడుంటే సాఫ్ట్‌వేర్ వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి, ఒక కాపీలో చెడిన చోటును ఇంకో కాపీతో పూడుస్తుంది. రాట్ పట్టిందని ఎవరైనా పారేస్తున్న కాపీని కూడా తెచ్చుకోవడానికి ఇదో కారణం. చుక్కలు ప్రతి కాపీలోనూ వేరే చోట పడతాయి.